నలుగురు హెస్టర్లు

వంశవృక్షం పిచ్చి వీణకి ఎనిమిదో నెలలో పట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళకి కొందరికి బలపాలు తినబుద్ధవుతుంది, కొందరికి మామిడికాయ. ఈవిడకి ఇంగ్లండు చర్చి రిజిస్టర్లు.

జెద్దాలో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఆమె నర్సు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, నల్ల తెరలు లాగి, పట్టపగలు చీకటి చేసుకుని పడుకునేది. నిద్రెక్కడిది? ఇంతకుముందు రెండు కాన్పులు ఏడో నెల దాటాకే పోయాయి. కళ్ళు మూస్తే ఆ రెండు చిన్న మూటలే. అందుకని సెల్‌ఫోన్ తీసేది.

బందరు పక్కన వాళ్ళ ఊళ్ళో వీణ వాళ్ళింట్లో అందరివీ పిల్లికళ్ళు. కాలవలు తవ్వించిన దొర ఒకడు మాల పిల్లని చర్చిలో పెళ్ళాడాడనీ, వీళ్ళంతా ఆ సంతానమేననీ ఊరంతా చెప్పుకుంటారు. ఆ చర్చి పాత పుస్తకంలో దొర పేరు థామస్ అనీ, పుట్టింది ఇంగ్లండులో ఫలానా పల్లె అనీ ఉంది. ఆ పల్లె చర్చి బాప్తిస్మాల పుటలన్నీ ఎవరో పుణ్యాత్ములు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. పుటకి ఎనిమిదిమంది పిల్లలు, ఒక్కొక్కరికి వరసగా గళ్ళు. తేదీ, బిడ్డ పేరు, అమ్మానాన్నల పేర్లు, తండ్రి చేసే పని, చివర పాదిరి సంతకం. 1819లో థామస్ దొరికాడు. అతనికి ముందు పుటల్లో అదే ఇంటిపేరుతో హెస్టర్ అని ఆడపిల్లలు కనబడ్డారు. ఒకరు కాదు, నలుగురు. అన్నదమ్ముల పిల్లలై ఉంటారు, ఆ ఇంటికి ఎంత ముద్దు పేరో అనుకుంది వీణ. అమ్మానాన్నల గడి కేసి చూడనేలేదు.

మన దేశంలో అయితే స్కానింగ్ చేసే డాక్టరు ఆడో మగో చచ్చినా చెప్పడు. ఇక్కడి ఈజిప్టు డాక్టరమ్మ రెండో మాటలోనే "మబ్రూక్, బింత్" అనేసింది. శుభం, ఆడపిల్ల. పుట్టకముందు బిడ్డకి పేరు పెట్టకూడదని మనవాళ్ళు ఊరికే అన్నారా? ఆడో మగో తెలిస్తే కదా పెట్టడానికి! వీణకి తెలిసింది, పెట్టేసింది. పొద్దస్తమానం కడుపు నిమురుతూ "హెస్టరూ, నా బంగారూ" అని పిలిచేది.

అదే దేశంలో యాన్బు ఊళ్ళో ప్లాంటు టెక్నీషియన్‌గా చేసే మొగుడు యిర్మీయా ఫోన్లో నవ్వాడు. "పుట్టకముందే ఇక్కడ ఉండటానికి ఇకామా కార్డు కూడా తీసేలా ఉన్నావే!"

అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. చర్చి పుస్తకంలో ఆవిడ రెబెక్కా, ఊళ్ళో పెంటమ్మ. ఆవిడకి ముందు నలుగురు పోతే, పుట్టగానే పెంటకుప్ప మీద పడేసి, తవుడిచ్చి కొనుక్కొచ్చి ఆ పేరు పెట్టారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఎర్రనీళ్ళూ ఉప్పుదిష్టీ. "కడుపులో బిడ్డకి పేరేంటే? పిలిస్తే ఎవురు పలుకుతారో నీకేం తెలుసు?" అంది.

వీణ వినలేదు. నర్సమ్మ కదా.

ఆ బుధవారం పొద్దున పదకొండింటికి పాప కదలడం లేదనిపించింది. వార్డు నుంచి తెచ్చుకున్న, గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్ యంత్రం కడుపు మీద పెట్టింది. గదిలో ఏసీ రొద, బయట ఎక్కడో హారన్లు. బొడ్డు కింద గుండె దొరికింది. దడదడదడ... నిమిషానికి నూటనలభై. హమ్మయ్య అనుకుంది.

అప్పుడొచ్చింది వాసన. వానకి తడిసిన రాయి వాసన, ఆరిపోయిన కొవ్వొత్తి వాసన. జెద్దాలో తడిసిన రాయి ఎక్కడిది?

యంత్రాన్ని కొంచెం జరిపింది. అక్కడా గుండె. నెమ్మదిగా, నీళ్ళలో మునిగినట్టు. తన నాడి చేత్తో చూసుకుంది. తనది కాదు. ఇంకొంచెం జరిపింది. ఇంకొకటి... పక్కటెముకల కింద మరొకటి. తుంటి దగ్గర... నాలుగోది.

"హెస్టర్..." అంది వీణ. పెదాలు కదిలాయో లేదో.

నాలుగూ ఒక్కసారి ఆగాయి. విన్నట్టు. మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి గబగబా. పాపది మాత్రం... పాపది తగ్గుతోంది. నూటఇరవై. నూరు. ఎనభై...

యంత్రం విసిరేసి ఫోన్ అందుకుంది. ఆ పుటలు తెరిచి, ఇన్నాళ్ళూ చూడని గడి చూసింది. 1813, 1814, 1816, 1818. నలుగురి తండ్రీ విలియం. నలుగురి తల్లీ ఆన్. ఒకే కడుపు. ఒక హెస్టర్ బతికుండగా ఇంకో హెస్టర్ ఎందుకుంటుంది? పోయిన పిల్ల పేరే మళ్ళీ పుట్టిన పిల్లకి పెట్టారు. అదీ పోతే మళ్ళీ. చావుని మురికి పేరుతో ఏమార్చే జాతి మనది. అదే పేరుతో మళ్ళీ మళ్ళీ దానికే అప్పజెప్పిన జాతి వాళ్ళది.

అమ్మమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది. ముసలావిడ ఎన్ని గుండెలో మళ్ళీ లెక్క చెప్పించుకుంది.

"గళ్ళుప్పు తీసుకో. ఒక్కోదానికి ఒక్కో చిటికెడు. నాలుగూ కడుపు చుట్టూ దిగదుడిచి మూడు దారులు కలిసేకాడ పొయ్యి. తొక్కినోళ్ళకి చుట్టుకుంటది. నిన్నొదిలిపోతారు."

"ఇక్కడ దారిన నడిచేవాళ్ళెవరు అమ్మమ్మా? అందరూ కార్లలోనే పోతారు."

"చక్రానికి పాదముందంటే? మనిషి తొక్కాల." గొంతు తగ్గించింది. "నాకోసం మాయమ్మ పోసింది ఎవురు తొక్కారో నాకు తెలుసు. అడగమాకు."

మనిషి తొక్కాలని మాత్రమే అంది అమ్మమ్మ. ఎవరు తొక్కితే ఆ నలుగురు బిడ్డలకీ కడుపులో చోటు దొరుకుతుందో వీణే ఆలోచించుకుంది. ఆ మాట ఆవిడ నెత్తిన రుద్దడం అన్యాయం.

ఆసుపత్రి రెండో అంతస్తులో గర్భిణుల ఓపీ, లిఫ్టు, లేబర్ రూమ్ దారులు మూడూ కలిసే చోటుంది. ఆడవాళ్ళ వైపు కాబట్టి మగ పురుగు రాదు. నాలుగింటికి నేల తుడిచే బంగ్లాదేశ్ ఆమె పని ముగించి వెళ్ళగానే వీణ జేబులోంచి తీసి చల్లింది. నాలుగు చిటికెలు, నాలుగు చోట్ల. తెల్ల టైల్సు మీద తెల్ల ఉప్పు కనబడదు. గోడకి ఆనుకుని నిలబడింది.

మొదట ఒక సుడాన్ ఆమె వచ్చింది, నిండు నెలలు. కర్... మన్న చిన్న చప్పుడు. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి. కర్... వాళ్ళ పేర్లు వీణకి తెలియవు. తెలియనందుకు సంతోషించింది.

మూడోసారి లిఫ్టులోంచి ఊర్మిల దిగింది. వరంగల్ పిల్ల, కింద ఫార్మసీలో పని, ఆరో నెల. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి నిలబడ్డ కడుపు. వీణకి రెండో బిడ్డ పోయినప్పుడు పదిహేను రోజులు అన్నం కలిపి ముద్దలు పెట్టింది ఈ పిల్లే.

"అక్కా! గోడకు గట్ల నిలవడ్డవేంది? పానం మంచిగ లేదా?" అంటూ వస్తోంది.

ఆగమనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కడుపులో పాప కదిలింది. పొద్దుట్నుంచీ కదలని పాప, గట్టిగా, బతికున్న పిల్లలా తన్నింది.

వీణ నోరు మూసుకుంది.

కర్...

"ఏంది, చక్కెర వోశిన్రా ఈడ?" అని నవ్వింది ఊర్మిల. చెప్పు దులుపుకుని వెళ్ళిపోయింది.

నాలుగోది ఎవరు తొక్కేదీ వీణ చూడలేదు. మెట్ల మీంచి దిగి ఇంటికొచ్చింది. యంత్రం పెట్టి చూస్తే ఒక్కటే గుండె. నూటనలభై. వాసన లేదు. పడుకుని, నెలల తర్వాత మొదటిసారి హాయిగా నిద్రపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుచేటు, కానీ పోయింది.

మూడు వారాల్లో సుడాన్ ఆమె బిడ్డ పోయింది. తర్వాత ఫిలిప్పీన్స్ అమ్మాయిది. ఊర్మిలకి స్కానింగ్‌లో గుండె కనబడలేదని తెలిసిన రోజు వీణే డ్యూటీలో ఉంది. ఊర్మిల ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వుంటే ధైర్యమక్కా, నువ్వు పోకు" అంది. వీణ తెల్లారేదాకా ఆ చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఆ రాత్రి బిడ్డని తుడిచి గుడ్డలో చుట్టింది కూడా వీణే.

నాలుగో చిటికెడు లెక్క ఇంకా మిగిలింది. ఎవరో దారినపోయే మనిషి తొక్కే ఉంటుందనుకుంది. అయినా ఆ కూడలి మీద అడుగు పెట్టలేదు. నిండు కడుపుతో వెనకవైపు మెట్లే ఎక్కి దిగింది. నొప్పులొచ్చిన రోజు స్ట్రెచర్ మీద ఆ కూడలి దాటించారు. కాళ్ళు పైకి, చక్రాలు కింద. అంత నొప్పిలోనూ వీణకి నవ్వొచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, బొద్దుగా. గట్టిగా ఏడ్చింది. యాన్బు నుంచి పరిగెత్తుకొచ్చిన యిర్మీయా తలుపు బయట నిలబడి స్తోత్రం స్తోత్రం అని అరుస్తున్నాడు. పెంటమ్మ అని పెడతానని వీణ అప్పటికే అమ్మమ్మకి మాటిచ్చింది.

కాన్పు చేసిన గుంటూరు నర్సు తాజున్నీసా పాపని పక్క బల్ల మీద పడుకోబెట్టి, పాదముద్ర తీయడానికి సిరా దిండూ ఫారమూ సర్దుకుంది. కుడికాలు తుడిచింది. ఎడమకాలు తుడవబోయి ఆగింది. దూది వంక చూసింది. వేరే దూది తీసి మళ్ళీ తుడిచింది.

"వీణ సిస్టర్..." చాలా మెల్లగా పిలిచింది. "నేనింకా సిరా పెట్టనేలేదు."

"ఏమైంది తాజూ?"

తాజున్నీసా పాప ఎడమ అరికాలు వీణ వైపు తిప్పింది. మడమకీ వేళ్ళకీ బూడిదరంగు మురికి, అందులో నలిగిన ఉప్పుపలుకులు. చెప్పుల్లేకుండా చాలా దూరం నడిచొచ్చిన పాదంలా ఉంది. కుడి పాదం శుభ్రంగానే ఉంది.

"నేల మీద పెట్టనేలేదు గదా సిస్టర్..."

పాప ఏడుపు ఆపింది.