దయ్యం రాని టీవీ

విశాఖపట్నంలో ఇరవై ఇళ్ళలో భయదర్శిని పరీక్ష మొదలై మూడు వారాలైంది. పందొమ్మిది ఇళ్ళలో దయ్యాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇరవయ్యో ఇంట్లో మాత్రం, మన ఖర్మ, చేపల పులుసు కలిపిన అన్నం పళ్ళెం వచ్చింది!

భయదర్శిని అంటే మరేం లేదు, దయ్యాల సీరియల్‌ని మనిషిని బట్టి వండి వడ్డించే టీవీ. చేతికి బ్యాండ్ కట్టుకుంటే చాలు. తెరమీద బొమ్మలు మారుతూ ఉంటాయి. దేనికి గుండె దడ పెరిగితే టీవీ దాన్ని పట్టుకుని, దానికి ఇంకాస్త దగ్గరి బొమ్మ వేస్తుంది. అలా వెతుక్కుంటూ మీ అసలు భయం దగ్గరికొచ్చి ఆగుతుంది. పాడుబడ్డ బావికి జడిసేవారికి బావి, నల్లపిల్లికి జడిసేవారికి పిల్లి.

ఆ ఇరవయ్యో ఇల్లు రిటైర్డ్ హవల్దార్ యర్రంనాయుడిది. పళ్ళెం కనబడితే చాలు, అతని గుండె నిమిషానికి నూట అరవై సార్లు కొట్టుకుంటోంది. బ్యాండ్ పాడైందనుకుని, యంత్రం కనిపెట్టిన డాక్టర్ హైమవతి స్వయంగా వచ్చింది.

"ఏటమ్మా మీ మిసను!" అంటూ నాయుడి భార్య పైడితల్లి గుమ్మంలోనే అందుకుంది. "యుద్ధంలో తుపాకులకి బెదరనోడు చేపల పులుసుకి బెదురుతాడా?"

"మిషను బాగానే ఉంది లేవే," అన్నాడు నాయుడు. "అప్పన్న అని నా జతగాడు డాక్టరమ్మా. యుద్ధంలో పోయాడు. అతని ట్రంకుపెట్టె వాళ్ళమ్మకి అప్పజెప్పమని నన్ను పంపారు. కబురు నాకంటే ముందే అందాలి, అందలేదు. పెట్టె గోడవతల దించి లోపలికెళ్ళాను. నోరు తెరిచేలోపే ఆవిడ పీటవేసి, 'ముందు తిను నాయనా, తర్వాత మాటాడుకుందాం' అంది. తిన్నాను. మారు వడ్డిస్తే అదీ తిన్నాను. కొడుకు పోయాడని చెప్పాల్సినోణ్ణి, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని అప్పుడు చెప్పాను. ఆవిడ నన్ను ఈ జన్మలో క్షమించదు."

పైడితల్లి కొయ్యబారిపోయింది. "అందుకా ఎవరింటికెళ్ళినా మెతుకు ముట్టవు? పదకొండేళ్ళుగా పొగరుబోతువని తిడుతున్నానే!"

హైమవతికి జాలేసింది. దాచడమెందుకు, కుతూహలం కూడా పుట్టింది. మరి ఆ తల్లి భయం ఏమిటి? నాయుణ్ణి బతిమాలి ఒప్పించి, ఇంకో టీవీ జీపులో వేసుకుని ఆదివారం అతనితో కలిసి అప్పన్న ఊరు వెళ్ళింది.

అప్పన్న తల్లి గవరమ్మ చేతికి బ్యాండ్ కట్టారు. తుపాకులు వచ్చాయి, చితి వచ్చింది. గవరమ్మ గుండె చలించలేదు. చివరికి తెరమీదికి అదే పళ్ళెం వచ్చింది. అందులో అన్నం తరుగుతున్నకొద్దీ ఆవిడ గుండె దడదడలాడింది.

"అమ్మా, దీనికెందుకు భయం?" అంది హైమవతి ఆశ్చర్యంగా.

గవరమ్మ నాయుడి వైపు తిరిగింది. "గోడవతల నువ్వు దించిన పెట్టె నాకు అగుపించింది నాయనా. దానిమీద మావోడి పేరు నేనే రాయించాను. నువ్వు తింటున్నంతసేపూ ఆ మాట చెప్పవు కదా! చెప్పనంతసేపూ నా కొడుకు బతికున్నట్టే. అందుకే మారు వడ్డించాను. నీకు ముద్ద దిగట్లేదని తెలిసీ కుక్కాను. తప్పు నాది."

నాయుడు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి బావురుమన్నాడు. గవరమ్మ అతని తల నిమురుతూ తానూ ఏడ్చింది.

తెచ్చిన టీవీని గవరమ్మ దగ్గరే ఉంచారు. ఆ మర్నాటి నుంచి రెండిళ్ళలోనూ టీవీ వెతికి వెతికి, ఏమీ దొరక్క ఖాళీ తెర వేయసాగింది. హైమవతి సంబరపడిపోయి టీవీ కంపెనీకి పెద్ద రిపోర్టు రాసింది. వారంలో జవాబొచ్చింది.

"ఇది చాలా తీవ్రమైన లోపం. భయం పోయిన ప్రేక్షకుడు సీరియల్ ఎందుకు చూస్తాడు? వెంటనే ప్రాజెక్టు ఆపేయండి."