ప్లీడరు గారి గురించి వాకబు

హారిక ప్లీడరు గారి గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంటూనే అడిగేసింది.

"మిమ్మల్ని సస్పెండ్ చేశారటగా?"

"అవునండీ, ఏడాది పాటు," అన్నాడు కృష్ణచైతన్య. "కాఫీ చెప్పమంటారా, టీ చెప్పమంటారా?"

హారిక గతుక్కుమంది. బస్సులో వస్తున్నంతసేపూ ఆ పిల్ల ఈ ప్రశ్ననే నూరుకుంటూ వచ్చింది. అతను బుకాయిస్తే ఏమనాలో, కోప్పడితే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకుంది గానీ, కాఫీనా టీనా అంటే ఏం చెప్పాలో మాత్రం ఆలోచించుకోలేదు. టీ అంది.

ఆ అమ్మాయి బందరు దాకా రావడానికి కారణం పొలం. నాగాయలంక దగ్గర వాళ్ల నాన్న గోవర్ధనరావుకి ఉన్నది ఒకే చెక్క, అదీ కూతురి పేరనే రాశాడు. దాన్ని ఆనుకుని శోభనాద్రి అనే ఆసామి రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీళ్లు నింపాడు. ఆ నీళ్లు గట్టు కింద నుంచి ఊటగా ఇటు పొలంలోకి దిగాయి. నిరుడు వరి నాట్లు వేసిన కొద్దిరోజులకే ఎర్రబడి చచ్చిపోయింది. ఈ తొలకరి లోపల కోర్టు ఆపకపోతే శోభనాద్రి మళ్లీ చెరువు నింపుతాడు, ఆ తర్వాత ఆ నేలలో గడ్డి కూడా మొలవదు. గోవర్ధనరావా, శోభనాద్రిని బావా అని తప్ప పిలిచి ఎరగడు. పొలం పోతున్నా బావా అనే అంటున్నాడు. అందుకని పిల్ల బయల్దేరింది.

తెలిసిన ప్లీడర్లలో ఒకాయన అప్పటికే శోభనాద్రి తరఫున ఉన్నాడు. ఇంకొకాయన, ఇలాంటివి తేలేసరికి నీకు మనవలు పుడతారమ్మా అన్నాడు. మిగిలింది ఈ సస్పెండైన ఆయనే. సస్పెండ్ అంటే నల్లకోటు వేసుకుని కోర్టులో నోరు విప్పే హక్కు తీసేయడం. ఆ ఏడాది గడిచి, అతను మళ్లీ కోటు వేసుకుని ఆట్టే కాలం కాలేదు.

ఏం చేస్తే తీసేశారని అడిగింది. అతను దాచలేదు. అతని కక్షిదారు యలమంద అనే పెద్దాయనకీ ఆయన తమ్ముడికీ పొలం దారి దగ్గర తగాదా అట. తమ్ముడు రాజీకి వచ్చాడు. షరతులు బాగున్నాయి. యలమంద ఊళ్లో లేడు. ఆయన కాదనడులే అని ఇతనే ఒప్పేసుకుని సంతకం చేశాడు.

"రాజీ మంచిదేనండీ. అడక్కపోవడమే చెడ్డది," అన్నాడు. "ఆయనది మంగినపూడి వెళ్లే దారిలోనే. వెళ్లి కనుక్కోండి. నా గురించి ఆయన కంటే చెడ్డగా చెప్పగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు."

కనుక్కోవడం అనేసరికి గోవర్ధనరావుకి హుషారొచ్చింది. కోర్టులంటే తెలియదు గానీ వాకబు చెయ్యడం ఆయనకి కొట్టిన పిండి. చెల్లెళ్ల పెళ్లిళ్లకి మొగపిల్లల గురించి ఊరూరా తిరిగి ఆరా తీసిన మనిషి. మర్నాడే ఖద్దరు చొక్కా తొడుక్కుని, కూతుర్ని వెంటబెట్టుకుని, ప్లీడరు అద్దెకుండే ఇంటికి, అదీ అతను కోర్టులో ఉండే వేళ చూసి వెళ్లాడు. ఇల్లుగలావిడ ప్రేమమ్మ అరుగు మీద కూర్చోబెట్టింది.

అబ్బాయికి కోపమెక్కువా, తాగుడూ పేకాటా ఉన్నాయా, పెందలాడే లేస్తాడా, తల్లి మీద గౌరవమేనా అని ఆయన వరసగా అడిగాడు. ప్రేమమ్మ వరసగా చెప్పింది. ఆ తర్వాత ఆవిడ మొదలుపెట్టింది. అమ్మాయి ఏం చదివింది, ఎంతమంది పిల్లలు, పొలం ఎంత. కోర్టు వ్యవహారం కదా, ఇవన్నీ కావాలి కాబోలనుకుని గోవర్ధనరావు నిజాయితీగా చెప్పుకుంటూ పోయాడు. పొలం మీద గొడవలేమైనా ఉన్నాయా అంటే, ఉన్నాయండీ, అందుకే కదా వచ్చాం అన్నాడు. ఇంత దాపరికం లేని సంబంధం ప్రేమమ్మ ఆ వీధిలో చూడలేదు. వాళ్లు గుమ్మం దాటగానే ఎస్టీడీ బూత్‌కి వెళ్లి గుడివాడలో ఉన్న అతని తల్లి లక్ష్మీకాంతానికి ఫోన్ చేసింది. అమ్మాయి తనే స్వయంగా వచ్చి చూసుకుని వెళ్లిందనీ, ముక్కూ మొహం తీరుగా ఉందనీ కూడా చెప్పింది.

ఈ సంగతి తెలియని తండ్రీకూతుళ్లు ఆటోలో యలమంద ఊరు వెళ్లారు. ఆయన నులకమంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, మొదటినుంచీ చెప్పాడు. రాజీలో వచ్చిన దారి తను అడిగిన దానికంటే వెడల్పేనట. ఆ విషయంలో పేచీ లేదట.

"కానమ్మా, జడ్జీగారు 'నువ్వు చెప్పవయ్యా' అనే రోజు కోసం ఏళ్ల తరబడి కాసుకు కూచున్నాను. కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నా. ఊరెళ్లి వచ్చేసరికి కేసు లేదు. ఆ చొక్కా వేసుకుని ఎక్కడికెళ్లను?"

అందుకే ఫిర్యాదు చేశాడు. అయితే ఆ ఏడాదంతా ఆ కుర్రాడు ఆదివారమొస్తే చాలు సైకిలేసుకుని వచ్చేవాడట. క్షమించమని ప్రాధేయపడలేదట. జడ్జీగారికి ఏం చెబుదామనుకున్నారో అదంతా నాకు చెప్పండి అని, అరుగు మీద కూర్చుని, మధ్యలో ఒక్క మాట అడ్డురాకుండా విన్నాడట.

"అయితే ఆయన్ని పెట్టుకోమంటారా తాతగారూ?" అంది హారిక.

"నన్ను అడిగితే ఎట్లా? చెప్పుకునేది నాకు అయిపోయింది. నీది ఇంకా ఉంది," అన్నాడు యలమంద.

తిరుగు బస్సులో గోవర్ధనరావు హాయిగా కునుకు తీశాడు. హారిక కిటికీలోంచి పులిగడ్డ దగ్గర కృష్ణ నీళ్లు చూస్తూ, సైకిలు మీద ఎండలో వచ్చే మనిషి గురించి ఆలోచించింది. అతని గురించి ప్లీడరుగానే ఆలోచించానని అనుకుంది.

ఆ ఆదివారం పొలం చూడటానికి వస్తానని కృష్ణచైతన్య కబురు పెట్టాడు. తల్లితో ఫోనులో నాగాయలంకలో ఓ పొలం చూడాలమ్మా అంటే, నేనూ వస్తాన్రా, పొలమూ చూసినట్టుంటుంది అందావిడ. అతను ఫైలు పట్టుకుని ఆటో దిగాడు. ఆవిడ పట్టుచీరలో, పళ్లూ పూలూ పట్టుకుని దిగింది.

గోవర్ధనరావు ప్లీడర్లు తల్లుల్ని కూడా తెస్తారేమో అనుకున్నాడు. అమ్మాయి పాటలేమన్నా పాడుతుందా అని ఆవిడ అడిగినప్పుడు గానీ ఆయనకి తెలిసిరాలేదు. తెలిసొచ్చాక, ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదనడానికి ఆయనకి నోరు రాలేదు. కాసేపటికి, అసలు కాదనడమెందుకు అనిపించింది. హారిక టీ పళ్లెంతో వచ్చేసరికి ఆయన, "మాకేం అభ్యంతరం లేదండీ," అంటున్నాడు.

కృష్ణచైతన్య లేచి నిలబడ్డాడు.

"ఆగండి. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు."

"మా అమ్మాయి నా మాట కాదనదు బాబూ."

"యలమంద గారి విషయంలో నేనూ అదే అనుకున్నానండీ."

హారిక పళ్లెం బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంది.

"వకాల్తా కాయితం తెచ్చారా?" అని అడిగింది.

తెచ్చానన్నాడు. నిలబడే సంతకం పెట్టింది. అవతలివాళ్లు రాజీకి వస్తే ఏం చెయ్యమంటారని అతను అడిగాడు. నాకొచ్చి చెప్పండి అంది. లక్ష్మీకాంతం ఇంతకీ సంబంధం మాటేమిటమ్మా అంటే, కేసు తేలాక అడగండి అత్తయ్యగారూ అంది. ఆ అత్తయ్య మర్యాదకి అన్నదో, మరెందుకు అన్నదో ఎవరికీ తెలియలేదు. లక్ష్మీకాంతం మాత్రం పళ్లు వెనక్కి తీసుకెళ్లలేదు.

తొలకరికి ముందే స్టే వచ్చింది. ఉప్పునీళ్లు పెట్టడానికి వీల్లేకపోయేసరికి శోభనాద్రి మెత్తబడ్డాడు. చెరువుకీ పొలానికీ మధ్య ఊటనీళ్లు మళ్లిపోయేలా లోతుగా కాలవ తవ్విస్తానని తన ప్లీడరుతో చెప్పించాడు. ఫోనులో చెప్పేస్తే అయిపోయే దానికి కృష్ణచైతన్య బస్సెక్కి వచ్చాడు. మంచి వాన పడుతోంది. హారిక గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఉంది. అతను తడుస్తూ షరతులన్నీ చదివాడు. కాలవ ఖర్చు ఆయనదే కదా అని అడిగి, ఏటా పూడిక కూడా ఆయనే తీయించాలని రాయండి అని, అప్పుడు ఒప్పుకుంది. అతను అలాగే రాసుకున్నాడు. రాసుకున్నాక కూడా కదల్లేదు.

"ఇంకో సంగతి అడగాలండీ."

"కేసు తేలాక అన్నాను."

"ఇప్పుడే తేలిందండీ."

హారిక పొలం వంక చూసింది. వాన నీళ్లు నేలలో ఇంకుతున్నాయి. గొడుగు కొంచెం అతని వైపు జరిపింది.

"మీ అమ్మగార్ని తీసుకురండి," అంది.

"మీ నాన్నగారు ఒప్పుకుంటారా?"

"ఆయన పోయినసారే ఒప్పుకున్నారు. ఇప్పుడు నేను ఒప్పుకుంటున్నాను."