సిగ్నల్ బండ

“పోయాయి సైలస్. మొత్తం పోయాయి.”

గాయత్రి లాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది. ఫోల్డర్‌లో రెండు వందల పద్నాలుగు బొమ్మలుండాలి. ఒక్కటీ లేదు. సైలస్ ట్రాష్ తెరిచాడు. అదీ ఖాళీయే. ఎవరో చెరపడమే కాదు, చెరిపినవి మళ్ళీ తిరిగి రాకుండా చూసుకున్నారు.

అరకులో కాఫీ గోదాం మీద రేకుల గది వాళ్ళది. పొద్దుట్నుంచి విడవకుండా వాన. ఒకరి మాట ఒకరికి వినిపించాలంటే అరవాల్సిందే. కానీ ఈసారి గాయత్రి చాలా మెల్లగా చెప్పింది.

“మంగళవారం, పదీ నలభైకి. జాయ్స్ అకౌంట్ నుంచి.”

సైలస్ ఆ పేరును తెర మీద తనే మళ్ళీ చదివి చూసుకున్నాడు.

వాళ్ళ గేమ్ పేరు ‘డోలీ’. రోడ్డు లేని కొండమీది ఊళ్ళో ఒక గర్భిణిని డోలీలో మోసుకుంటూ, మూడు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటించి, చీకటి పడేలోగా రోడ్డు చేర్చాలి. ప్రోగ్రామ్ సైలస్‌ది. సంగీతం గాయత్రిది. బొమ్మలు జాయ్స్‌వి. విశాఖపట్నంలో కొత్త గేమ్ టీములకు ఆరు నెలలు చోటిచ్చి నేర్పించే సంస్థ ఒకటి వాళ్ళను పిలిచింది. షరతు ఒకటే. టీములో కనీసం ముగ్గురుండాలి, ఈ సాయంత్రం ఆరులోగా పేర్లు పంపాలి.

ఆ మూడో పేరే ఇంకా తేలలేదు. నాలుగు నెలలుగా జాయ్స్‌ది ఒకటే పాట. “బొమ్మలిస్తాను. పేరివ్వను.” ముంచింగిపుట్టులో హాస్టల్ వార్డెన్ ఉద్యోగం ఆర్డరు ఆమె సంచిలో ఉంది. టీములో చేరేదీ లేనిదీ ఈరోజు వచ్చి చెబుతానంది.

తలుపు తోసుకుని జాయ్స్ లోపలికి వచ్చింది. జడ చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. స్క్రీన్ చూసింది. ఆశ్చర్యపోలేదు.

“నేనే చెరిపాను,” అంది.

“ఎందుకు?” గాయత్రి కుర్చీలోంచి లేచింది.

“నా బొమ్మలు. నా ఇష్టం.”

“నువ్వు వేసిన కాగితాలున్నాయిగా! మళ్ళీ ఫొటోలు తీస్తే...”

“పొయ్యిలో పెట్టేశాను. ఇంకేటి కావాలి? వార్డెన్‌గా చేరిపోతున్నాను. నన్నొదిలేయండి.”

ఆ మాట సైలస్ వైపు చూడకుండా అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గాయత్రి లాప్‌టాప్ మూసేసింది. “నీ ప్రేమా, నీ మౌనమూ కలిసి మనల్ని ముంచాయి. ఆ పిల్లకు సగం గేమ్ అప్పగించి కూర్చున్నావు.”

మంగళవారం పదీ నలభై. ఆ టైము సైలస్‌కు ఎక్కడో గుచ్చుకుంటోంది.

జాయ్స్‌ను మొదటిసారి చూసింది శుక్రవారం సంతలో. అల్లం బస్తాల పక్కన కూర్చుని, చర్చి క్యాలెండరు వెనక వైపు బొమ్మలేస్తోంది. అతని బైకు చక్రం సరిగ్గా ఒక బొమ్మ మీంచి వెళ్ళింది.

“కళ్ళు ఇంటికాడ ఒగ్గేసి వచ్చావా?” అని లేచింది.

“సారీ అండీ, బురదలో కనపడలేదు. బొమ్మ బాగుంది.”

“తొక్కాక బాగుందా?”

ఆ టైరు గుర్తు పడిన కాగితం ఇప్పటికీ అతని పర్సులో ఉంది. ఆమెకు చెప్పలేదు.

మంగళవారం... మంగళవారం ఆమె అరకు వచ్చింది! ఇద్దరూ బొంగు చికెన్ బండి దగ్గర నిలబడ్డారు. కారానికి ఆమె ముక్కు ఎర్రబడితే ఫొటో తీశాడు. పంపమంది. “కానీ ఇప్పుడే చూడలేను, నా ఫోను మా ఊరి బండ మీద ఉంది,” అని కూడా అంది.

సైలస్ తన ఫోను తీసి ఆ ఫొటో చూశాడు. కింద టైముంది. పదీ ముప్పై ఎనిమిది.

మూడేసి మెట్లు ఒక్కసారి దిగుతూ పరుగెత్తాడు.

కూడలిలో చూరు కింద జాయ్స్ ఒక్కతే నిలబడి ఉంది. దారిలో చెట్టు పడిందట, జీపులు లేవు.

“ఎక్కు,” అన్నాడు బైకు ఆపి.

“నడిచి పోతాను.”

“అరవై కిలోమీటర్లు. మీ ఊరు చేరేసరికి ఆ హాస్టల్ పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోతారు.”

ఆమె పెదవి చివర నవ్వు మెరిసి ఆరిపోయింది. ఎక్కింది.

డుంబ్రిగుడ దాటాక అడిగాడు. “మంగళవారం నీ ఫోను ఎవరి దగ్గరుంది?”

మబ్బు కొండ దిగి రోడ్డు మీదికి వచ్చేసింది. పట్టపగలే హెడ్‌లైట్ వేశాడు.

“నీకు తెలుసు కదా మా ఊరి పద్ధతి,” అంది వెనక నుంచి జాయ్స్. “ఊళ్ళో సిగ్నల్ ఉండదు. పొద్దున్నే అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసి ఒకరు బండెక్కుతారు. ఏ ఫోనుకీ లాక్ ఉండకూడదు. వచ్చిన మెసేజ్ చదివి, పైనుంచి కిందికి కేకేస్తారు. కేకేసిన మాట తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. ఆ సంచి మోసేవాణ్ణి ఊరంతా నమ్ముతాది. ఆ రోజు రత్నక్క రక్తం రిపోర్టు నా ఫోనుకే రావాలి. అందుకే వదిలేసి వచ్చాను.”

“సంచి మోసింది ఎవరు?”

“సైలస్, బండి ఆపు.”

ఆపాడు. ఆమె దిగి వానలో అతనికి ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆ పేరు బయటికొస్తే రేపట్నుంచి ఎవరూ ఆయన చేతికి ఫోనివ్వరు. నేను చెప్పలేను. నన్ను అడక్కు, ఎవర్నీ అడక్కు. మాటిస్తావా?”

“ఇస్తే?”

“ఇస్తే... నువ్వు నన్ను నమ్మినట్టు. నేను చేరతాను. బొమ్మలన్నీ మొదట్నుంచి మళ్ళీ వేస్తాను. అడిగావంటే ఆ ఉద్యోగంలో చేరిపోతాను.”

ఈ నాలుగు నెలల్లో అతను ఎదురుచూసిన మాట ఇదే. ఇంత దిగులుగా వస్తుందనుకోలేదు.

“అడగను,” అన్నాడు. “నువ్వు చేరకపోతే నాకు రెండు నష్టాలు.”

“రెండోది ఏటి?”

“మొదటిది గేమ్ అని ఒప్పుకున్నావన్నమాట.”

పర్సులోంచి ఆ కాగితం తీసి చూపించాడు. టైరు గుర్తు కింద సగం చెరిగిన అల్లం బస్తా. ఆమె దాన్ని చేత్తో వానకు అడ్డంపెట్టి చూసింది. వెనక్కి ఇవ్వలేదు. బైకు కదిలాక అతని భుజం మీద చెయ్యి వేసింది. ఊరు వచ్చేవరకూ తియ్యలేదు.

వాళ్ళు చేరేసరికి అయిదున్నర. ఊరికి పైన నల్లటి బండ. దాని మీద పాతిన వెదురు బొంగుకు ప్లాస్టిక్ గోనె కింద ఫోన్ల సంచి వేలాడుతోంది. పక్కనే గొడుగు పట్టుకుని జాయ్స్ తండ్రి సువార్తరావు కూర్చున్నాడు. ఆదివారాలు సంఘంలో ప్రార్థన చేయించేది ఆయనే. బండ కింద రత్న, ఇంకో పదిమంది ఆ రోజు కబుర్ల కోసం వానలో ఎదురుచూస్తున్నారు.

“అయ్యగారూ, వందనాలు. చిన్న పనుండి వచ్చాను,” అన్నాడు సైలస్ బండెక్కి.

దారిలో ఎక్కడా లేని సిగ్నల్ సైలస్ ఫోనులో రెండు గీతలు చూపించింది. ఫారం తెరిచాడు. సైలస్. గాయత్రి. మూడో గడిలో ‘జాయ్స్’ అని రాసి ఆమెకు చూపించాడు. ఆమె తల ఊపింది. పంపాడు. అయిదూ నలభై ఎనిమిది.

ఫోను జేబులో పెట్టుకుని, “వస్తానండీ,” అన్నాడు.

“అడగవేటి బాబూ?” అన్నాడు సువార్తరావు.

“ఏమడగాలండీ?”

“బొమ్మలు ఎవులు సెరిపేరని.”

“నాన్నా!” అంది జాయ్స్.

“మాటిచ్చాను అయ్యగారూ. అడగను.”

ముసలాయన అతన్ని అలాగే చూశాడు. గొడుగు పక్కన పెట్టి, చొక్కా లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో చర్చి క్యాలెండరు కాగితాలు. పొడిగా, వరసగా, ఒక్కటీ నలగకుండా.

జాయ్స్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “కాల్చేశానన్నావు కదా...”

“పొయ్యి కాడికి తీసుకెళ్ళేను. సెయ్యి రాలేదే గుంటా.” ఆయన సైలస్ వైపు తిరిగాడు. “ఆ రోజు రిపోర్టు కోసం ఫోను తెరిసేను. మీ ఆట కనపడింది. నొక్కేను. డోలీలో మా దెబోరా ఉంది బాబూ. ఈ గుంట తల్లి. అదే మొకం, అదే ముక్కుపుడక.”

సైలస్ జాయ్స్ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. నాలుగు నెలల్లో ఆ ముఖం ఎవరిదో ఒక్కసారి కూడా చెప్పలేదు. పేరు బయటపడితే ఆ ముఖం తండ్రి కంట పడుతుందనే పేరివ్వనందని అప్పుడర్థమైంది.

“నిజంగా మోసినప్పుడు మూడో గెడ్డ కాడ పోయింది. ఆటలోనైనా దాటిద్దామనుకున్నాను. మూడో గెడ్డకొచ్చీసరికి పడిపోతంది. మళ్ళీ ఆడతావా అని అడుగుతంది ఫోను. పదకొండుసార్లు మోసేను బాబూ. పదకొండుసార్లూ పడిపోయింది. ఇంక ఆ మొకం ఎక్కడా ఉండకూడదని బొమ్మలన్నీ సెరిపీసేను. ఎప్పటికీ వద్దా అనడిగింది. వద్దని నొక్కేను.”

మూడో గెడ్డ కష్టంగా ఉండాలని రాసింది సైలసే. ఆడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఆడాలని.

“దాటేలా రాస్తాను అయ్యగారూ.”

“రాయి. మోసేవోడికి ఓపికుంటే సాలు, దాటాల.”

కవరు కూతురి చేతిలో పెట్టాడు. “పో. ఆల్తో ఎల్లు. మీ అమ్మని సరీగా గీయి.” తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. బొంగు మీంచి ఫోన్ల సంచి విప్పి కాళ్ళ దగ్గర పెట్టాడు.

“వద్దు నాన్నా. ఆల్లు మళ్ళీ నీకు...”

ఆయన వినలేదు. బండ అంచుకు నడిచి, రోజూ కబుర్లు చెప్పేటట్టే రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. కింద అందరూ తలలెత్తారు.

“ఇనుకోండర్రా! జాయ్స్ ఫోనులో బొమ్మలు సెరిపింది ఆ గుంట కాదు. నాను! సంచి మోసిన సువార్తరావుని!”