మగ సాలీడు దొరికేదాకా

విజయ్ పాల్ చేసింది మర్యాదే. సాలీళ్ల మీద పీహెచ్‌డీ చేసే అమ్మాయి నిజామాబాద్ నుంచి కోటగిరికి వస్తోందని తెలిసి, పొద్దున్నే తన చెరుకుతోట గట్టంతా పారతో నున్నగా చెక్కి పెట్టాడు.

ఎస్తర్ వచ్చింది, చూసింది, అక్కడే కూలబడింది.

"ఎవరు చేసిండ్రు ఇది?"

"నేనే మేడం. మీరు నడుస్తరని."

"నేను నడవనీకి రాలే. ఈ సాలీళ్లు మట్టిల బొరియ తవ్వి, పైన మూత పెట్టుకొని బతుకుతయి. మూతలన్నీ మీ పారకే పోయినయి."

మొదటి రోజే ఇన్ని తిట్లు తిన్న మగాడు ఆ మండలంలో ఇంకొకడు లేడు.

కాలువ అవతలి గట్టు జోలికి పోలేదు కనుక బతికిపోయాడు. అక్కడ ఆడ సాలీళ్లు దొరికాయి. కానీ శనివారంలోగా మగది దొరక్కపోతే ఎస్తర్ థీసిస్ ఆగిపోతుంది.

"ఆడవి చాలవా మేడం?"

"అవన్నీ ఒక్క తీర్గనే ఉంటయి. దీన్ని ఇన్నాళ్లు ఒక వంశంల కలిపిండ్రు. నాకైతే వేరే వంశం అనిపిస్తుంది. తేలాలంటే మగదాని మూతి పక్కన చిన్న చేతులుంటయి, అవి చూడాలె."

"మగది యాడుంటది?"

"వాన పడంగనే ఇల్లు విడిచి ఆడదాన్ని వెతుక్కుంట తిరుగుతది. ఆడది గడప దాటదు."

"నచ్చకుంటే?"

"ఒక్కోసారి తింటది."

విజయ్ పాల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతలో మొదలైన వాన పెద్దదయ్యేసరికి రెండడుగులు ముందుకొచ్చాడు, గొడుగు ఒకటే ఉంది మరి.

వారమంతా వెతికారు. దొరకలేదని రోజూ ఇద్దరూ నిట్టూర్చారు. కొంచెం ఎక్కువే నిట్టూర్చారు.

శుక్రవారం విజయ్ పాల్ ఒక టిఫిన్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మూతకు సన్నని రంధ్రాలున్నాయి.

"తిట్టకుండ్రి మేడం. మగది బుధవారమే దొరికింది."

"దాచిండ్రా?"

"ఇస్తే మీరు పోతరు. పోతే నాకు మంచిగనిపియ్యది. మీరంటే ఇష్టం. కానీ మీ చదువు ఖరాబైతదని రెండు రోజుల సంది బువ్వ తినబుద్ధి అయితలే."

 ఎస్తర్ బ్యాగులోంచి ఒక చిన్న సీసా తీసి డబ్బా పక్కన పెట్టింది. అందులో స్పిరిట్లో మునిగి ఇంకో మగ సాలీడు ఉంది. చీటీ మీద సోమవారం తేదీ ఉంది.

విజయ్ పాల్ చీటీని రెండుసార్లు చదివాడు.

"సోమవారమే దొరికితే, ఇన్ని రోజులు వానల ఏం వెతికిండ్రు?"

"మీరు ఎప్పుడు చెప్తరా అని చూసిన."