సమానంగా వినపడే కుర్చీ

“ఏంది సార్, ఐదు స్పీకర్లున్నా మా ఇంట్ల టీవీల మాట్లాడేటోడు గొంతు పట్టినట్టే మాట్లాడుతుండు!”

దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో, కాలిపోయిన మధ్య స్పీకరుకు బదులు కొత్తది కొని వారం కాకముందే స్పందన మళ్లీ వచ్చింది. కౌంటర్ వెనక ఫణీంద్ర నవ్వు ఆపుకున్నాడు.

“ఏదో ఒకటి ఇవ్వమన్నది మీరేగా? ముందు మూడూ ఒకే కంపెనీవైతేనే గొంతు మారదండీ. వెనక రెండూ ఏవైనా పర్లేదు.”

“మీ ఆంధ్రోళ్లు ముందు, మేం ఎనుక. గంతేనా?”

“నేను స్పీకర్ల సంగతి చెప్తున్నానండీ బాబూ!”

ఆదివారం స్పీకరు మార్చడానికి చైతన్యపురిలోని వాళ్లింటికి అతనే వచ్చాడు. ఒక్కో స్పీకరులోంచి ‘ష్’మనే చప్పుడు వదిలి, ఒకదాన్ని తగ్గిస్తూ, ఇంకోదాన్ని పెంచుతూ పోయాడు.

“మీరు కూర్చుని చెప్పండి, ఏది ఎక్కువగా ఉంది?”

“మీ మాటలే ఎక్కువున్నయ్.”

ఆ తర్వాత ఇంట్లో వైర్లు తరచూ ఊడిపోసాగాయి. బంద్ రోజుల్లో, వానలో తడుస్తూ కూడా అతను వచ్చి బిగించాడు.

స్పందన తండ్రి బాలనర్సయ్య చీరల దుకాణం మూసి తెలంగాణ కోసం ధర్నాకు పోయేవాడు. ఇంటికొస్తే వార్తలే. ఓ సాయంత్రం రిమోట్ పక్కన పెట్టాడు.

“బిడ్డా, నా కుర్చీల కూసుంటే ఎడమ దిక్కుదే లొల్లి. నీ కుర్చీల కూసుంటే ఐదూ సమానం. గా పిలగాడు ఎవరి కోసం సెట్ చేసిండు?”

స్పందన తల దించుకుంది.

“పిలగాడు మంచోడే. కానీ పొద్దంతా టెంటుల కూసొని నినాదాలిచ్చి, గుంటూరోళ్లతోని వియ్యమంటే నలుగురు ఏమంటరు? తెలంగాణ రానియ్. నేనే అడుగుత.”

స్పందన ఆ మాట చెబితే ఫణీంద్ర ముఖం చిన్నబోయింది. “ఎప్పుడొస్తుందండీ?”

“నన్నడుగుతవేంది? మీవోళ్లనడుగు!”

ఆమె కోపం అతని మీద కాదు. ఆ సంగతి చెప్పలేదు. అతనూ మళ్లీ రాలేదు. బతుకమ్మ పండుగలు వచ్చిపోయాయి.

తెలంగాణ ప్రకటించిన సాయంత్రం వీధంతా పటాకులు. గులాల్ నిండిన ముఖంతో బాలనర్సయ్య లోపలికొచ్చాడు.

“ఫోన్ కొట్టు బిడ్డా. మాటిచ్చిన, అడుగుత.”

స్పందన వంటింట్లోకి పోయి ఫోన్ చేసింది. అది గుంటూరులో మోగింది.

“పోయిన నెలే నాకు నిశ్చితార్థం అయిందండీ.” పటాకుల మోత మధ్య అతనే అడిగాడు, “సౌండ్... బాగుందా?”

“మంచిగనే ఉంది.”

బయటికి రాగానే తండ్రి ఆత్రంగా లేచాడు. “ఏమన్నడు?”

ఆమె తన కుర్చీ మీది చున్నీ తీసేసింది.

“ఇగ నువ్వు ఈడ కూసో నాయినా. ఈడ మంచిగ వినపడ్తది.”