గడప దాటని నడక

"మూడు వందల పద్నాలుగు!"

నరసరావుపేటలో డాక్టరమ్మ ఆ అంకె పైకి చదవగానే నాగేంద్రమ్మ గుండె జారిపోయింది. భర్త చెన్నకేశవులుకు ఎడమ కన్ను ఇప్పటికే మసకబారింది. షుగరు తగ్గకపోతే రెండో కన్నూ దక్కదని పోయినసారే చెప్పారు. ఇప్పుడేమో ఇంకా పెరిగింది!

"విచిత్రంగా ఉందే..." డాక్టరమ్మ చెన్నకేశవులు ఫోను చూసింది. "రోజుకు పద్నాలుగు వేల అడుగులు! ఇంత నడిచినా తగ్గలేదంటే మందు చాలట్లేదన్నమాట. డోసు పెంచి రాస్తాను."

పక్కనే నిలబడ్డ కూతురు ప్రశాంతి తలపట్టుకుంది. నాగేంద్రమ్మ మాత్రం భర్త వంక చూసింది. ఆ అడుగులు ఎవరివో వాళ్లిద్దరికే తెలుసు...

మూడు నెలల కిందట మాచర్ల పక్కన వాళ్ల ఊళ్లో నర్సు దయామణి షుగరు ఉన్న నలభై మందిని ఫోనులో ఒక గ్రూపుగా చేసింది. ఎవరెంత నడిచారో ఫోనే లెక్కబెడుతుంది. సాయంత్రానికి అందరూ ఆ లెక్క గ్రూపులో పెట్టాలి, ఒకరినొకరు మెచ్చుకోవాలి. చెన్నకేశవులు పది రోజులు నడిచాడు. పదకొండో రోజు టీ బంకు దగ్గర ఎవరో "ఏంది ప్రెసిడెంటుగారూ, మళ్లీ ఓట్లడగటానికా?" అని నవ్వారు. ఊరికి సర్పంచిగా చేసినవాడు! అభిమానం దెబ్బతింది. మర్నాడు పొద్దున్నే ఫోను భార్య చేతిలో పెట్టాడు.

"ఏమే, ఇది బొడ్లో దోపుకో. ఎవరన్నా ఫోన్ చేస్తే పిలువు."

సాయంత్రానికి పద్నాలుగు వేలు! ఆ లెక్కే తనదని గ్రూపులో పెట్టాడు, ఇక రోజూ అదే వరస. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. "అన్నా, నువ్వే మాకు దారి!" అని మెకానిక్ అబ్దుల్ జబ్బార్ మాట. చెన్నకేశవులు మీసం దువ్వుకున్నాడు. రోజల్లా ముభావంగా ఉండే మనిషి నవ్వుతుంటే నాగేంద్రమ్మకు ఆ నవ్వు చెరపబుద్ధి కాలేదు. ఎంత పొరపాటు చేసింది!

పైగా ఆమె మనసులో మరో ముల్లుంది. ఎనిమిదేళ్ల కిందట ఆయన మొదటిసారి కళ్లు తిరిగి పడిపోయినప్పుడు, శివరాత్రికి శ్రీశైలం నడిచొస్తానని మొక్కుకుంది. ఒక ఏడు అత్తగారు మంచాన పడింది, ఒక ఏడు బర్రె ఈనింది, మరో ఏడు ప్రశాంతి పురుడు. మొక్కు అలాగే ఉండిపోయింది. ఆ మల్లన్న కోపమే ఈయన కళ్ల మీద పడుతోందేమో...

డాక్టరమ్మ కలం అందుకుంది.

"రాయమాకండమ్మా!" నాగేంద్రమ్మ అడ్డుపడింది. "ఆ అడుగులు ఆయనయి కాదు... నాయి!"

"ఏం వాగుతున్నావే!" చెన్నకేశవులు ముఖం కందిపోయింది. అంతలోనే తల దించుకున్నాడు. "ఫోను దానికిచ్చిన మాట నిజమే డాక్టరమ్మా. కానీ అవి నడిచిన అడుగులు కావు. ఇంట్లో మసిలే మనిషికి అన్ని అడుగులేంది? మిషనే తప్పు లెక్కేసిద్ది."

డాక్టరమ్మ ఫోను నాగేంద్రమ్మ చేతికిచ్చి వరండా చివరిదాకా వెళ్లి రమ్మంది. ప్రశాంతి వేళ్ల మీద లెక్కబెట్టింది. తొంభై ఆరు. ఫోనులో పెరిగిందీ తొంభై ఆరే!

ప్రశాంతి ఫోనులోనే గుణించుకుంది. చూస్తుండగానే ఆమె కళ్లు నిండాయి.

"నాన్నా... పొయ్యి కాడికీ, బోరింగు కాడికీ, గడ్డివాము కాడికీ... రోజుకు ఎనిమిది కిలోమీటర్ల పైమాటే! నెలకు రెండొందల యాభై. మన మాచర్ల నుంచి శ్రీశైలం నడిచెళ్లి, మళ్లీ నడిచి ఇంటికి రావటమే నాన్నా! ప్రతి నెలా!"

నాగేంద్రమ్మ పగిలిన తన మడమల వంక చూసుకుంది. ఈ కాళ్లేనా? గడప దాటకుండానేనా? బర్రె వెనక, అత్తగారి మంచం చుట్టూ వేసిన అడుగులు కూడా ఆ మల్లన్న లెక్కలోకి వస్తాయా? ఎవరినడగాలి? రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

డాక్టరమ్మ మందు పెంచలేదు. "మూడు నెలలు నిజంగా నడిచి రండి" అంది.

ఆ సాయంత్రం తలుపు వెనక నిలబడి నాగేంద్రమ్మ విన్నది. ఆయన ఫోనులోకి మాట్లాడుతున్నాడు. "అందరికీ దణ్ణం. మీరు మెచ్చుకున్న అడుగులు నాయి కాదు. మా ఇంటిదానియి. మిమ్మల్ని మోసం చేశా..." ఆ నోట అలాంటి మాట ఆమె ఎన్నడూ వినలేదు!

గ్రూపులోంచి జబ్బార్ గొంతు మోగింది. "అన్నా, రేపు ఐదున్నరకి మీ గేటు కాడుంటా. నవ్వేటోళ్లు మనిద్దర్నీ చూసి నవ్వుతారు. నా పొట్ట నీకన్నా పెద్దదిలే!"

తెల్లవారేసరికి గేటు దగ్గర జబ్బార్ ఒక్కడే కాదు, దయామణితో కలిపి ఏడుగురు! టీ బంకు ముందు నుంచే నడిచారు. ఎవరూ నవ్వలేదు. మూడో రోజుకు బంకు వాడే, "నన్నూ గుంపులో ఎక్కించుకోండయ్యా" అన్నాడు.

నడిచొచ్చాక చెన్నకేశవులు నీళ్ల బిందె కూడా అందుకున్నాడు. మొదటిరోజు నాలుగు బిందెలకే అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమే... రోజూ ఇంతేనా?"

"ఇంకా పేడ తియ్యలేదు గదయ్యా!"

మూడు నెలలకు షుగరు నూట అరవై రెండుకు దిగింది. రెండో కన్నుకు భయం లేదన్నారు. ఆ సంతోషంతో ఇంటికి వచ్చిన నాగేంద్రమ్మ గడప దాటబోతుంటే, "ఆగు" అన్నాడు చెన్నకేశవులు. చెంబుతో నీళ్లు తెచ్చాడు. వంగి ఆమె పాదాల మీద పోశాడు.

"అయ్యో! నా కాళ్లు ముట్టుకోబాకయ్యా, పాపం!"

ఆయన తల ఎత్తలేదు. ఆ మడమల పగుళ్లలోని మట్టిని బొటనవేలితో నెమ్మదిగా తుడుస్తూ అన్నాడు.

"శ్రీశైలం నడిచొచ్చినోళ్ల కాళ్లు కడగరంటే?"