పదకొండు నెలల దూరం

శుక్రవారం పొద్దున పెద్దమ్మాయి వంటింట్లో పాలు కాస్తూ ఉంటే ముందుగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఏ క్లాసు బాబూ నువ్వు?"

ఎవరొచ్చారా అని తొంగి చూసింది. వచ్చినవాళ్లెవరూ లేరు. సోఫా పక్కన ఆమె భర్త చేతులు రెండూ చాపి నిటారుగా నిలబడి ఉన్నాడు. అచ్చాఫీసులో ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న పెద్దమనిషి. డెబ్బై ఎనిమిదేళ్ల అత్తగారు కొలతల టేపు ఆయన నడుం చుట్టూ తిప్పి అంగుళాలు చూస్తోంది.

"రెండో క్లాసండీ," అన్నాడాయన బుద్ధిగా.

"రెండో క్లాసుకే ఇంత పొట్టా? మీ అమ్మ ఏం పెడుతోందో గానీ! నిక్కరు మోకాలి పైకి కుట్టమన్నారు స్కూలువాళ్లు. పొట్టిగా ఉందని మళ్లీ ఏడవకూడదు."

పెద్దమ్మాయికి నవ్వొచ్చింది. అమ్మకి వేళాకోళం కొత్తేమీ కాదు. కానీ భర్త వంటింట్లోకి వచ్చి మెల్లగా చెప్పిన మాటతో ఆ నవ్వు ఆగిపోయింది.

"ఆవిడ ఆటలాడటం లేదు. నిజంగానే నన్ను గుర్తుపట్టలేదు."

యాభై రెండేళ్లొచ్చినా ఆ కుటుంబంలో ఆమె పెద్దమ్మాయే. కళ్లద్దాల షాపులో పని. ఎదుటివాళ్ల చూపులో పావు పాయింటు తేడా వచ్చినా పట్టేస్తుందని పేరు. రెండేళ్లుగా అమ్మ ఆమె దగ్గరే ఉంటోంది. తమ్ముడుండేది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. నలభై ఏళ్లు కుట్టు మిషను తొక్కిన అమ్మ మోకాళ్లకి నాలుగు మెట్లే గండం. వేళకి మందులు, వేళకి తిండి, ఉతికిన దుప్పట్లు, ఏ లోటూ లేకుండా చూసుకునేది పెద్దమ్మాయి. చేతల్లో లోటు లేదు గానీ మాటలో తడి లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

శనివారానికి ఇంకా ముదిరింది. అమ్మ పగలంతా మగతగా పడుకుంది. లేచినప్పుడల్లా దుప్పటి మీద లేని దారప్పోగులు ఏరడం మొదలుపెట్టింది. రెండు వేళ్లతో పట్టుకోవడం, కిటికీ వైపు ఎత్తి చూడటం, పక్కన పెట్టడం. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే చల్లగానే ఉంది. జ్వరం లేదు. జ్వరం లేనప్పుడు జబ్బేమిటి, ముసలితనం కాకపోతే, అనుకుంది పెద్దమ్మాయి.

ఆ వేళ్లని చూస్తూ కూర్చుంటే ఎప్పటి సంగతులో గుర్తొచ్చాయి. ఐదేళ్లప్పుడు తన ఇల్లు మిషను కిందే. అమ్మ పాదాలు పెడల్ మీద పైకీ కిందకీ ఆడుతుంటే ఆ చప్పుడుకి నిద్రపోయేది. స్కూలు యూనిఫారాల నీలం పీలికలతో బొమ్మకి బట్టలు కట్టేది. సుద్దముక్క దొంగిలించి నేలంతా గీతలు గీసినా అమ్మ తిట్టేది కాదు. కింద నుంచి చెయ్యి చాపితే చాలు, చూడకుండానే ఒక బిస్కెట్టు అందించేది. ఆ అమ్మ ఏమైపోయింది? ఆరేళ్లప్పుడు ఒకరోజు పొద్దున్నే నాన్న ఆమె బట్టలు ఒక సంచిలో సర్ది, ఊరికి ఆ చివరున్న పిన్ని ఇంట్లో దించేశాడు. పదకొండు నెలలు. అమ్మ గుమ్మంలోకి వచ్చి వీడ్కోలైనా చెప్పలేదు. అప్పటికి తమ్ముడు చంటివాడు. మగపిల్లాడు పుట్టాడు, నేను బరువయ్యాను అని ఆరేళ్ల బుర్రకి అర్థమైంది. యాభై రెండేళ్ల బుర్ర కూడా దాన్ని దిద్దుకోలేదు.

ఆదివారం పొద్దున తమ్ముడు, మరదలు వచ్చారు. తమ్ముడు సిటీబస్సు డ్రైవరు. ఎక్కడికెళ్లినా ఎవరో తొందరపెడుతున్నట్టే ఉంటాడు. అమ్మ గదిలోకి వెళ్లి రెండు నిమిషాల్లో బయటికొచ్చి, వంటింటి గడప మీద కూలబడ్డాడు.

"నన్ను చూసి 'గుండీలు తెచ్చావా' అంటోందక్కా. మా డిపోలో ఒకాయన వాళ్ల నాన్నకి ఇలాగే వచ్చింది. మతిమరుపు జబ్బు. ఇక తగ్గదు. ఇలాంటి వాళ్లని చూసుకునే హోమ్ ఒకటుందట. మంచి చోటేనట..."

"ఏమన్నావ్?"

"నీకోసమే చెప్తున్నా. పగలంతా షాపులో ఉంటావు. ఆవిడ గ్యాసు తిప్పి వదిలేస్తే?"

పెద్దమ్మాయి చేతిలో గరిటె స్టవ్ మీద ధన్‌మని పడింది.

"బాగుందిరా! మనుషుల్ని పంపించెయ్యడం మన ఇంట్లో అలవాటేగా. నన్ను ఆరేళ్లకే పంపించారు. ఇప్పుడు ఆవిడ వంతు!"

"ఇంకా ఆ మాటేనా? నలభై ఆరేళ్లయింది!"

"నీకేం తెలుసు? ఒళ్లో కూర్చున్నవాడివి నువ్వు. గుమ్మం బయట నిలబడ్డదాన్ని నేను. నిన్ను పెంచుకోడానికి నన్ను వదిలించుకుంది. అయినా ఆవిడ ఒళ్లు తుడుస్తోంది ఎవరు? నేను! అమ్మ నీది, చాకిరీ నాది. పైగా హోముల సంగతి నాకు నేర్పుతావా?"

తమ్ముడి మొహం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనబోయాడు. ఇంతలో గది తలుపు దగ్గర అలికిడైంది.

అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఒక చేత్తో రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మాయి పట్టుకోబోతూ ఒక అడుగు ముందుకేసింది.

"గుమ్మం దగ్గరే ఆగు పిట్టా! లోపలికి రాకు!"

పెద్దమ్మాయి అక్కడే ఆగిపోయింది. పిట్ట. ఆ పేరు ఆమె వినక నలభై ఆరేళ్లు.

"నా దగ్గు నీకంటుకుంటుంది తల్లీ. పోయినేడే నీకు నెమ్ము చేసి చావు తప్పి బయటపడ్డావు. ఇది కూడా అంటితే నీ ఊపిరి నిలవదన్నాడు డాక్టరు. తమ్ముడు పాలు మరవలేదు, వాడికి రోజూ మాత్ర అరగదీసి పోస్తున్నా. నిన్నెలా దాచను? పిన్ని దగ్గరికి వెళ్లిపో. ఏడవకు. ఎర్రగౌను పంపాను, ఉడకబెట్టి ఇస్త్రీ చేసే పంపాను. ఆదివారం చెప్పుల షాపు పక్కన నిలబడి చూశాను. భుజాల దగ్గర బిగిసింది. అంగుళం పెరిగావు నువ్వు. ఈసారి వదులుగా కుడతాలే. వెళ్లు, వెళ్లిపో..."

రుమాలులోకి దగ్గబోయింది. దగ్గు రాలేదు. అయినా మొహం గోడవైపు తిప్పుకుంది.

పిన్ని ఇంటి ఎదురుగా చెప్పుల షాపు ఉన్నమాట నిజం. ఎర్రగౌను ఉన్నమాటా నిజం. నేనే కొన్నానంది పిన్ని. ఆ పిన్ని పోయి పదేళ్లయింది.

అంతవరకు ఒక్క మాటా మాట్లాడని మరదలు అత్తగారిని పొదివి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసే మనిషి. ఇంట్లో ఎవరూ ఆమె సలహా అడిగిన పాపాన పోలేదు.

"వదినా, గురువారం రాత్రి అత్తయ్య ఎలా ఉన్నారు?"

"బాగానే ఉంది. మీ అన్నయ్యతో పేపరు చదివించుకుంది."

"గురువారం పేపరు విన్న మనిషి శుక్రవారం అల్లుణ్ణి గుర్తుపట్టలేదంటే అది మతిమరుపు కాదు. అది ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. రాత్రికి రాత్రి రాదు. ఇదేదో లోపల జరుగుతోంది. చూడండి, కూర్చునే ఉన్నారు, అయినా ఎలా ఆయాసపడుతున్నారో!"

పెద్దమ్మాయి చూసింది. అమ్మ ఛాతీ పిచ్చుక గుండెలా ఎగిసిపడుతోంది. ఇతరుల చూపులో పావు పాయింటు తేడా పట్టే తనకి, పక్క గదిలో మనిషి మూడురోజులుగా ఆయాసపడుతుంటే కనపడలేదు.

తమ్ముడు మరి హోము ఊసెత్తలేదు. అమ్మని రెండు చేతుల మీదా ఎత్తుకుని గుమ్మం మెట్లు దిగాడు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు నాడి చూసింది, బీపీ చూసింది, రక్తం, మూత్రం పరీక్షలకి పంపింది. మధ్యాహ్నానికి కాగితాలు చేతిలో పట్టుకుని వచ్చింది.

"మూత్రంలో ఇన్‌ఫెక్షను. రక్తంలోకి కూడా పాకుతోంది. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేది."

"కానీ డాక్టరుగారూ, జ్వరం లేదు కదా?" అంది పెద్దమ్మాయి.

"అదేనమ్మా ఈ వయసులో చిక్కు. మనకి ఒంట్లో సూక్ష్మక్రిమి దూరితే ఒళ్లు కాలిపోతుంది. వణుకు, నొప్పులు. అదంతా ఒళ్లు చేసే యుద్ధం. అందుకే మనకి తెలుస్తుంది. పెద్దవాళ్లలో యుద్ధం జరుగుతూనే ఉంటుంది, కానీ జ్వరం తెచ్చుకునే సత్తువ ఒంటికి ఉండదు. పైకి చల్లగా ఉంటారు. ఆ సెగ పోయి మెదడుకి తగులుతుంది. మనిషి తికమకపడతారు, ఏవేవో చెబుతారు. మందు పడితే చాలావరకు తేరుకుంటారు. నీళ్లు బాగా తాగరా ఆవిడ?"

పెద్దమ్మాయి అమ్మ ఎండిన పెదాల వైపు చూసింది.

రెండు రోజులు సెలైను బాటిళ్లు మారాయి. అక్కాతమ్ముళ్లు వంతులేసుకుని మంచం పక్కన కూర్చున్నారు. రెండో రోజు తమ్ముడు డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చాడు. వరండాలో అక్క పక్కన కూర్చుని చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు.

"నాకు తెలీదక్కా. నాతో కూడా ఎప్పుడూ చెప్పలేదు. నీ ఏడుపు మీద పెరిగానా నేను?"

"ఛ, ఊరుకో! పాలు తాగే పిల్లాడివి, నీకేం తెలుసు? నేనే నోరు పారేసుకున్నాను," అని వాడి టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

మూడోరోజు పొద్దున కిటికీలోంచి ఎండ మంచం మీదకి వచ్చింది. అమ్మ కళ్లు తెరిచి చుట్టూ చూసింది. పెద్దమ్మాయి జాకెట్టు మీద చూపు ఆగింది.

"ఆ కుట్టు ఎవరు వేశారే? అంచు మడత వంకరగా ఉంది."

పెద్దమ్మాయి ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అమ్మకి ఏమీ అర్థంకాలేదు. శుక్రవారం నుంచి ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు. అల్లుడికి నిక్కరు కొలతలు తీసిందని చెబితే సిగ్గుతో దుప్పటి మొహం మీదకి లాక్కుంది.

"నీళ్లెందుకు తాగటం మానేశావమ్మా?"

"తాగితే రాత్రిళ్లు లేవాలి. ఈ మోకాళ్లతో అడుగు తీసి అడుగు వెయ్యడానికే పది నిమిషాలు. లైటు వేస్తే నీకు నిద్ర చెడుతోంది. ఒకరోజు విసుక్కున్నావుగా. పాపం, పొద్దున్నే షాపుకి పోవాలి నువ్వు."

పెద్దమ్మాయికి ఆ రాత్రి గుర్తుంది. 'ఎన్నిసార్లమ్మా!' అంది. ఒక్క మాటే. ఆ ఒక్క మాట పట్టుకుని నెల్లాళ్లుగా గొంతు ఎండబెట్టుకుంది ఈ మనిషి. పిల్లల కోసం తనని తాను దూరం పెట్టుకోవడం ఈవిడకి అప్పుడూ అలవాటే, ఇప్పుడూ అలవాటే.

"అమ్మా, అప్పుడు నీకు క్షయ వచ్చిందా?"

అమ్మ మొహంలో రంగు మారింది. "ఎవరు చెప్పారు?"

"నువ్వే. గుమ్మం దగ్గరే ఆగమన్నావు. పిట్టా అన్నావు."

అమ్మ దుప్పటి అంచు సవరించింది, మళ్లీ సవరించింది.

"క్షయ అని తెలిస్తే నా చేతి బట్ట ఎవరు తొడుక్కుంటారే? స్కూలువాళ్ల పని మొత్తం పోయేది. అందుకే మీ నాన్న, మీ పిన్ని నోరు కుట్టేసుకున్నారు. చిన్నదానివి, నీకు చెబితే నాలుగు వీధులకీ తెలిసేది. రోజూ సూది పొడిపించుకునేదాన్ని. ఎప్పుడు తగ్గుతుందా, నిన్నెప్పుడు తెచ్చుకుంటానా అని గోడ మీద సుద్దతో గీతలు గీసుకున్నాను."

"తగ్గాకైనా చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నాను. నువ్వు తిరిగొచ్చిన రోజు స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు వచ్చి నన్ను చూసి..." అమ్మ కిటికీ వైపు చూసింది. "'మీరు బాగున్నారా' అన్నావు. మీరు అన్నావే నన్ను. పరాయివాళ్లని అన్నట్టు. నాకు ఇక నోరు రాలేదు. నువ్వు మళ్లీ 'నువ్వు' అనడానికి ఏడాది పట్టింది. అప్పటికి నువ్వు అడగటం మానేశావు, నేను చెప్పటం మానేశాను."

పెద్దమ్మాయి మంచం మీదకి జరిగి అమ్మ పక్కన ముడుచుకుని కూర్చుంది. సెలైను గొట్టం తగలకుండా ఆ సూది చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. చూపుడు వేలి మీద నలభై ఏళ్ల సూదిపోట్ల గరుకు అలాగే ఉంది. రెండేళ్లుగా ఆ చేతికి మందులు అందించింది, గోళ్లు తీసింది. ఊరికే పట్టుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

"నన్ను క్షమించమ్మా."

"దేనికే? ఆరేళ్లదానివి నువ్వు. ఇంకేం అనుకుంటావు?" అమ్మ కళ్లు తుడుచుకుంది. కాసేపటికి మొహమాటంగా, చిన్నపిల్లలా అడిగింది. "దూరం నుంచి చూడటమే గానీ ఆ పదకొండు నెలలూ నువ్వేం చేశావో నాకు తెలీదు. మీ పిన్నిని అడిగితే 'బాగుంది' అనేది, అంతే. నీకేమన్నా గుర్తున్నాయా?"

పెద్దమ్మాయి ఆలోచించింది. ఇన్నేళ్లుగా ఆ పదకొండు నెలల్లో ఒక్క పొద్దునే గుర్తుంచుకుంది, ఇల్లు వదిలిన పొద్దు. మిగతావి ఇప్పుడిప్పుడే ఒకటొకటిగా తలెత్తుతున్నాయి.

"అక్కడే నా మొదటి పన్ను ఊడిందమ్మా," అంది.

అమ్మ దిండు మీద మోచెయ్యి ఆనించి, కాస్త లేచి కూర్చుంది.

"ఏ పన్ను? పైదా, కిందదా?"